ఫైర్ అలారం మోగితే వెంటనే 'రీసెట్' నొక్కొచ్చా? ఫ్లాట్లలో స్మోక్ డిటెక్టర్లు ఎలా పనిచేస్తాయి?

కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చిన రోజు సీలింగ్‌కు బిగించిన తెల్లటి గుండ్రటి డబ్బాను చూసి ఇదేంటని అడిగితే, "స్మోక్ డిటెక్టర్ సార్, ఫైర్ ఎన్‌వోసీ కోసం పెట్టాం" అని బిల్డర్ మనిషి ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఆ తర్వాత దాని సంగతి ఎవరికీ పట్టదు. పోపు మాడో, సాంబ్రాణి పొగ ఎక్కువయ్యో ఒక రోజు బిల్డింగ్ మొత్తం హూటర్ మోగినప్పుడే మళ్లీ అందరూ తలెత్తి దాన్ని చూస్తారు.

అప్పుడు అందరి నోటా వచ్చే ప్రశ్న ఒకటే: దీన్ని ఆపేదెలా?

కొందరు కుర్చీ ఎక్కి డిటెక్టర్‌ను తిప్పి ఊడదీస్తారు. కొందరు టవల్‌తో విసురుతారు. కింద సెక్యూరిటీ గదిలో గార్డు ప్యానెల్ మీద ఏ బటన్ నొక్కితే మోత ఆగుతుందో అది నొక్కుతాడు. చాలాసార్లు అక్కడ నిజంగానే మంట ఉండదు కాబట్టి ఈ పద్ధతి పనిచేసినట్టే కనిపిస్తుంది. కానీ మోత ఆపడం, రీసెట్ చేయడం, డిటెక్టర్‌ను పక్కన పెట్టేయడం మూడూ వేర్వేరు పనులు. మూడో పని చేసి రెండోది చేశామనుకుంటే, ఆ రోజు నుంచి ఆ ఫ్లోర్‌లో పొగ వచ్చినా చెప్పేవాళ్లు ఉండరు.

డిటెక్టర్ ఎందుకు 'గుర్తు' పెట్టుకుంటుంది?

ఇప్పుడు ఇళ్లలో, ఆఫీసుల్లో ఎక్కువగా వాడుతున్నవి కాంతితో పనిచేసే డిటెక్టర్లు. లోపల చిన్న చీకటి గది ఉంటుంది. అందులో ఒక పక్క ఎల్‌ఈడీ, ఇంకో పక్క కాంతిని పసిగట్టే సెన్సర్. మామూలుగా ఎల్‌ఈడీ వెలుతురు సెన్సర్ మీద నేరుగా పడదు. పొగ కణాలు లోపలికి వచ్చినప్పుడు వాటికి తగిలి వెలుతురు చెదురుతుంది, అందులో కొంత సెన్సర్‌ను చేరుతుంది. డిటెక్టర్‌కు తెలిసింది అంతే. అది కాలుతున్న సోఫా పొగా, ఇంగువ పోపు పొగా, గీజర్ ఆవిరా, పెస్ట్ కంట్రోల్ వాళ్లు కొట్టిన స్ప్రేనా అన్నది దానికి అనవసరం. లోపల దూరిన చిన్న పురుగు కూడా అదే పని చేయగలదు. ఇంటీరియర్ పని జరిగే ఫ్లాట్లలో పీవోపీ రుద్దినప్పుడు లేచే దుమ్ము సరేసరి.

ఇక్కడ రెండు రకాలను విడిగా చూడాలి. ఆన్‌లైన్‌లో కొని, బ్యాటరీ వేసి, మనమే గోడకు తగిలించుకునే అలారం ఒంటరిది. పొగ పోగానే దానంతట అదే ఆగుతుంది, లేదా మీద ఉన్న బటన్ నొక్కితే కాసేపు ఊరుకుంటుంది. ప్యానెల్‌కు వైరు ద్వారా కలిపిన డిటెక్టర్ అలా కాదు. ఒకసారి పొగను గుర్తించిందంటే పొగ పోయాక కూడా అలారం స్థితిలోనే ఉండిపోతుంది. దాని మీది ఎర్ర లైటు మినుకుమనడం మానేసి ఆగకుండా వెలుగుతుంది. ఇది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. పాతిక అంతస్తుల బిల్డింగ్‌లో అలారం ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్లిన మనిషికి, పొగ కాస్త పల్చబడినా, ఏ డిటెక్టర్ మోగించిందో కనబడాలి కదా. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ తలుపు పైన బయటివైపు కనిపించే చిన్న ఎర్ర లైటు కూడా అందుకే. తాళం వేసి ఊరెళ్లిన ఇంట్లో డిటెక్టర్ మోగితే ఆ సంగతి కారిడార్‌లోనే తెలిసిపోతుంది.

మరి రీసెట్ అంటే? పాత తరహా సిస్టమ్‌లో ప్యానెల్ నుంచి వెళ్లే రెండు వైర్లే డిటెక్టర్‌కు కరెంటూ ఇస్తాయి, దాని కబురూ మోసుకొస్తాయి. అలారం వచ్చినప్పుడు డిటెక్టర్ ఆ వైర్ల నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. ప్యానెల్ దాన్నే మంటగా అర్థం చేసుకుంటుంది. రీసెట్ నొక్కితే ప్యానెల్ ఆ లైనుకు కొన్ని సెకన్లు కరెంటు ఆపి, మళ్లీ ఇస్తుంది. డిటెక్టర్ పాత సంగతి మరిచిపోయి మొదటి నుంచి చూడటం మొదలుపెడుతుంది. డిటెక్టర్ మీద రీసెట్ బటన్ కోసం వెతికి విసిగిపోయేవాళ్లకు జవాబు ఇదే. బటన్ అక్కడ ఉండదు, ప్యానెల్ దగ్గరే ఉంటుంది. కొత్త తరహా అడ్రసబుల్ సిస్టమ్స్‌లో ప్రతి డిటెక్టర్‌కూ ఒక నంబరు ఉంటుంది, ప్యానెల్ తెర మీద ఏ బ్లాకు, ఏ ఫ్లోరు, ఏ గది అన్నది వస్తుంది. రీసెట్ బాధ్యత మాత్రం అక్కడా ప్యానెల్‌దే.

ఒక పని మాత్రం రీసెట్‌కు ముందే చేయాలి. ప్యానెల్ తెరను, వెలుగుతున్న డిటెక్టర్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. అడ్రసబుల్ ప్యానెళ్లు ఘటనలను తమ మెమరీలో ఉంచుకుంటాయి. పాత రకం ప్యానెల్ జోన్‌ను మాత్రమే చూపిస్తుంది, ఆ జోన్‌లోని ఇరవై డిటెక్టర్లలో ఏది మోగిందో వెలిగే ఎర్ర లైటు ఒక్కటే చెప్పగలదు. రీసెట్‌తో ఆ లైటు ఆరిపోతుంది. రేపు ఏఎంసీ టెక్నీషియన్ వచ్చి "ఏది మోగింది మేడమ్?" అంటే ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

బటన్లు నాలుగు, పనులు నాలుగు

కంపెనీని బట్టి పేర్లు కొంచెం మారతాయి గానీ, ప్యానెల్ మీద ముఖ్యంగా కనిపించేవి ఇవే. 'ఎక్నాలెడ్జ్' అంటే కబురు చూశాను అని చెప్పడం, ప్యానెల్ సొంత బజర్ మాత్రమే ఆగుతుంది. 'సైలెన్స్' అంటే బిల్డింగ్‌లోని హూటర్లు ఆగుతాయి, అలారం మాత్రం ప్యానెల్‌లో అలాగే ఉంటుంది, ఎర్ర లైటు పోదు. 'రీసెట్' అంటే అంతా తుడిచేసి మళ్లీ చూడమనడం. ఇక నాలుగోది 'డిసేబుల్', కొన్నింటి మీద 'ఐసొలేట్' అని ఉంటుంది. అంటే ఆ డిటెక్టర్ లేదా ఆ జోన్ ఏం చెప్పినా వినొద్దని ప్యానెల్‌కు చెప్పడం.

అర్ధరాత్రి పదే పదే మోగే జోన్ ఉంటే గార్డు చివరికి చేరేది ఈ నాలుగో బటన్ దగ్గరికే. అతణ్ని తప్పుపట్టి లాభం లేదు. రెండు వందల కుటుంబాలు నిద్రలేచి ఇంటర్‌కమ్‌లో అరుస్తుంటే మోత ఆపడమే అతని ఉద్యోగం అవుతుంది. ఆ ప్యానెల్ గురించి అతనికి ఎవరైనా పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పారా అన్నదే అసలు ప్రశ్న. చాలాచోట్ల ఏజెన్సీ మారినప్పుడల్లా గార్డులు మారతారు, ప్యానెల్ తాళం చెవి మాత్రం కొత్తవాళ్ల చేతికి వస్తుంది.

వరుస తెలిసినవాళ్లు చేసేది ఇది: ప్యానెల్‌లో చోటు చూసి ఒకరు అక్కడికి వెళ్తారు, ఇంకొకరు ప్యానెల్ దగ్గరే ఉంటారు. మంటగానీ పొగగానీ కనిపిస్తే ఇక ప్యానెల్ సంగతి ఆలోచించరు. 101కో, 112కో ఫోన్ చేసి, జనాన్ని మెట్ల మీదుగా దింపుతారు. ఏమీ లేదని కళ్లతో చూసి నిర్ధారించుకున్నాకే సైలెన్స్, కారణం తొలగించాకే రీసెట్.

తొందరపడి రీసెట్ చేస్తే ఏమవుతుంది? పెద్ద బిల్డింగుల్లో ఫైర్ ప్యానెల్‌కు వేరే వ్యవస్థలూ కలిపి ఉంటాయి. అలారం రాగానే లిఫ్టులు గ్రౌండ్ ఫ్లోర్‌కు వచ్చి ఆగిపోతాయి, మెట్ల మార్గంలోకి పొగ రాకుండా గాలి నింపే ఫ్యాన్లు తిరగడం మొదలవుతుంది, యాక్సెస్ కార్డుతో తెరుచుకునే తలుపులు తాళం వదిలేస్తాయి. ఇలా కలిపిన చోట రీసెట్ నొక్కితే అవన్నీ మామూలు స్థితికి వెళ్లొచ్చు. ఎనిమిదో ఫ్లోర్‌లో నిజంగా ఏదో కాలుతుంటే, ఆ కొన్ని నిమిషాల్లో ఎవరైనా లిఫ్ట్ ఎక్కే అవకాశం ఉందన్నమాట.

రీసెట్ చేసినా మళ్లీ మోగితే?

ప్యానెల్ పాడైందనే నిర్ధారణకు వెంటనే రావొద్దు. డిటెక్టర్ గదిలో ఇంకా పొగ ఉంటే అది మళ్లీ అలారం ఇస్తుంది, ఇవ్వాలి కూడా. కిటికీలు తెరిచి, ఫ్యాన్ వేసి, కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. కారిడార్‌లో ఎవరో గాజు పలక నొక్కిన ఎర్ర డబ్బా ఉంటే, దాన్ని తాళంతో సరిచేసేదాకా ప్యానెల్ రీసెట్ కాదు. పిల్లలు ఆటల్లో దాన్ని నొక్కేయడం మామూలే. అవేవీ కాకపోతే దుమ్ము, పురుగు, లేదంటే తడి. వానాకాలంలో స్లాబు కారి, పైపులోంచి నీరు డిటెక్టర్ బేస్‌లోకి దిగిన చోట్ల ఎండ కాసినన్ని రోజులు బాగుండి, వాన పడగానే అలారాలు మొదలవుతాయి. అలాంటప్పుడు మార్చాల్సింది డిటెక్టర్‌ను కాదు, ఆపాల్సింది లీకేజీని.

ఊడదీస్తే పోలా అనుకునేవాళ్లకు ఒక్క విషయం. పాత తరహా వైరింగ్‌లో డిటెక్టర్లు దండలో పూసల్లా ఒకే లైను మీద ఉంటాయి. చాలా బేసుల్లో ఒకదాన్ని ఊడదీస్తే లైను అక్కడే తెగుతుంది, ప్యానెల్ మీద పసుపు 'ఫాల్ట్' లైటు వెలుగుతుంది. ఆ తర్వాత ఉన్న డిటెక్టర్లు కూడా మూగబోవచ్చు. అంటే మీ హాల్లో ఊడదీసిన డబ్బా వల్ల పక్క ఫ్లాటులోని పెద్దాయన పడకగదికి కాపలా పోతుంది. ఆ పసుపు లైటు నెలల తరబడి వెలుగుతూనే ఉండే ప్యానెళ్లు మన నగరాల్లో కొత్తేమీ కాదు. ఈసారి లాబీలోంచి వెళ్లేటప్పుడు మీ ప్యానెల్ వైపు ఒకసారి చూడండి. పచ్చ లైటు ఒక్కటే వెలగాలి.

గృహప్రవేశం, హోమం, ఇంటీరియర్ పని

మన ఇళ్లలో పొగ ఒక్క వంటగదిలోనే పుట్టదు. గృహప్రవేశానికి హోమం లేకుండా కుదరదు, శుక్రవారం సాంబ్రాణి ఉంటుంది, దీపావళికి బాల్కనీ నుంచి వచ్చే పొగ సంగతి చెప్పక్కర్లేదు. వీటిని మానుకోమని ఎవరూ అనరు. కానీ డిటెక్టర్‌కు ప్లాస్టిక్ కవర్ కట్టి, టేపు చుట్టి వదిలేయడం కన్నా మెరుగైన దారి ఉంది. ముందు రోజే ఫెసిలిటీ మేనేజర్‌కు చెప్పి, ఆ ఫ్లాటు డిటెక్టర్‌ను ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఐసొలేట్ చేయించాలి. ఎవరు చేశారో, ఎన్నింటికి తిరిగి ఆన్ చేయాలో రిజిస్టర్‌లో రాయించాలి. అంతసేపూ మనుషులు అక్కడే ఉంటారు కాబట్టి ప్రమాదం తక్కువ. అసలు ప్రమాదం భోజనాలయ్యాక మొదలవుతుంది. అందరూ వెళ్లిపోతారు, ఐసొలేట్ చేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇంటీరియర్ పని చేసేవాళ్లతో ఇంకో చిక్కు. ఫాల్స్ సీలింగ్ వేసేటప్పుడు డిటెక్టర్‌ను కిందికి దించకుండా దాని కిందే పలకలు బిగించేస్తారు. చూడ్డానికి సీలింగ్ ముచ్చటగా ఉంటుంది, డిటెక్టర్ మాత్రం మూసిన పెట్టెలో పడిపోతుంది. గదిలో పొగ దాని దాకా చేరేసరికి చాలా ఆలస్యం. వంటగదిలో పెట్టించుకునేవాళ్లయితే పొగ డిటెక్టర్ బదులు వేడిని పసిగట్టే హీట్ డిటెక్టర్ అడగాలి. రోజూ రెండు పూటలా మోగే అలారాన్ని ఏ ఇల్లూ ఎక్కువకాలం భరించదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన ఫైర్ సర్వీస్ చట్టం, 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళిలోని నాలుగో భాగం ఇక్కడ ఆధారం. అలారం వ్యవస్థను ఎలా అమర్చాలి, ఎలా నిర్వహించాలి అన్నదానికి ఐఎస్ 2189 అనే భారతీయ ప్రమాణం ఉంది. తెలంగాణలో 18 మీటర్లు, అంతకన్నా ఎత్తైన నివాస భవనాలకు, 15 మీటర్లు, ఆపైన ఉన్న వాణిజ్య భవనాలకు అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ కావాలి. దీనర్థం, స్టిల్ట్ మీద నాలుగైదు అంతస్తులుండే మన వీధుల్లోని చాలా అపార్ట్‌మెంట్లు ఆ గీతకు కిందే ఉండిపోతాయి. అక్కడ ప్యానెల్ ఉండదు, రీసెట్ ప్రశ్నే రాదు. అలాంటి ఇంట్లో పడకగదుల బయట బ్యాటరీ అలారం ఒకటి తగిలించుకోవడమే దారి.

ఎన్‌వోసీ ఉన్న భవనాల్లోనూ అసలు సమస్య ఆ కాగితం వచ్చాకే మొదలవుతుంది. తనిఖీ రోజున అన్నీ మోగుతాయి. తర్వాత బిల్డర్ నుంచి అసోసియేషన్‌కు అప్పగింత జరిగేటప్పుడు క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్, పార్కింగ్ గురించి జరిగినంత గొడవ ఫైర్ ప్యానెల్ గురించి జరగదు. మహారాష్ట్రలో 2006 నాటి చట్టం కింద భవన యజమానులు లేదా సొసైటీలు ఏటా జనవరిలో, జులైలో లైసెన్స్ ఉన్న ఏజెన్సీతో పరీక్ష చేయించి, అగ్నిమాపక పరికరాలు పనిచేస్తున్నాయన్న ధ్రువపత్రం ఇవ్వాలి. అక్కడ అందరూ పాటిస్తారని కాదు. కానీ ఆరు నెలలకోసారి ఒకరు సంతకం పెట్టాల్సి వస్తే ఆ పసుపు లైటు ఎవరో ఒకరి కంట పడుతుంది. తెలుగు రాష్ట్రాలకు ఇలాంటి ఏర్పాటు అవసరం ఎక్కువేగానీ తక్కువ కాదు.

ఎందుకంటే మన దగ్గర జరిగిన ప్రమాదాల్లో ప్రాణాలు తీసింది చాలావరకు మంట కాదు, పొగ. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది చనిపోయారు. కింద పుట్టిన పొగ మెట్ల మీదుగా పైకి ఎక్కింది. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువ ఉద్యోగులు ఊపిరాడక పోయారు. అదే ఏడాది నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లోని నివాస భవనంలో 9 మంది, 2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌస్‌లో పిల్లలతో సహా 17 మంది చనిపోయారు. ఆ భవనాలకూ, మన గేటెడ్ కమ్యూనిటీలకూ పోలిక లేదని అనిపించవచ్చు. పొగకు ఆ తేడా తెలియదు. నిద్రలో ఉన్న మనిషిని పొగ వాసన లేపుతుందని లెక్కవేసుకోవడం ప్రమాదం, శబ్దమే లేపాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకు

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న మనవాళ్లకు ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ దొంగల అలారం ప్యానెల్‌కే స్మోక్ డిటెక్టర్లూ కలిపి ఉంటాయి. మాడు వాసన పోయినా కీప్యాడ్ మీద 'ఫైర్' అనే మాట పోదు. హనీవెల్ విస్టా రకం ప్యానెళ్లలో కోడ్, ఆఫ్ ఒకసారి నొక్కితే మోత ఆగుతుంది, రెండోసారి నొక్కితే అలారం జ్ఞాపకం తుడుచుకుపోతుంది. డీఎస్‌సీ పవర్‌సిరీస్ రకంలో మామూలు సెట్టింగ్ ప్రకారం స్టార్, 7, 2 వరుసగా నొక్కితే డిటెక్టర్లకు కరెంటు క్షణకాలం ఆగి తిరిగి వస్తుంది. పాత యజమాని సెట్టింగ్ మార్చి ఉంటే మాన్యువల్ చూడక తప్పదు. మానిటరింగ్ ఉన్న ఇళ్లలో కంపెనీ ఫోన్ చేస్తే ఎత్తాలి, లేకపోతే ఫైర్ ఇంజిన్ వచ్చేస్తుంది. తప్పుడు అలారాలకు రుసుము వేసే ఊళ్లు ఉన్నాయి. పరీక్ష కోసం మోగించే ముందే ఆ కంపెనీకి చెప్పి సిస్టమ్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టించుకోవడం మేలు.

మోతనూ గమనించాలి. మూడు బీప్‌లు, విరామం, మళ్లీ మూడు అంటే పొగ. నాలుగు బీప్‌లు, విరామం అంటే కార్బన్ మోనాక్సైడ్. రంగూ వాసనా లేని ఆ వాయువు కంటికి కనబడదు కాబట్టి 'ఏమీ లేదులే' అని రీసెట్ చేయకూడదు, బయటికి వచ్చి 911కు ఫోన్ చేయాలి. నిమిషానికోసారి ఒక్క చిన్న కూత మాత్రమే వస్తుంటే అది సాధారణంగా బ్యాటరీ అయిపోయిందని చెప్పడం. ఇళ్లలోని స్మోక్ అలారాలను తయారీ తేదీ నుంచి పదేళ్లకు మార్చేయాలని అక్కడి ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రమాణం చెబుతోంది. ఆ తేదీ వెనకవైపు ముద్రించి ఉంటుంది.

మళ్లీ మన ఊరి విషయానికి వస్తే, వచ్చే అసోసియేషన్ మీటింగ్‌లో అడగాల్సినవి ఎక్కువేం లేవు. ప్యానెల్‌లో ఇప్పుడు డిసేబుల్ చేసి ఉన్న జోన్లు ఏవి? ఆఖరిసారి ఏ డిటెక్టర్‌ను పరీక్షించారు, టెస్ట్ స్ప్రేతోనా, అగరుబత్తితోనా? అగరుబత్తి మసి లోపల పేరుకుని కొత్త తప్పుడు అలారాలకు కారణమవుతుంది. ప్యానెల్ బ్యాటరీలు ఎప్పుడు మార్చారు? కరెంటు పోయిన రాత్రి సిస్టమ్‌ను నడిపేవి అవే, కొన్నేళ్లకే బలహీనపడతాయి. నైట్ షిఫ్ట్ గార్డుకు సైలెన్స్‌కూ డిసేబుల్‌కూ తేడా చెప్పిందెవరు? జవాబులు మేనేజర్ నోటితో కాకుండా రిజిస్టర్ తెరిచి చూపించమనండి.